చాటింపు పడినాక విచారణ

మా అక్క పిండిమిషను గోడకు ఎర్రరంగు గీత కొట్టిన పొద్దు నేను ఆ గోడ పక్కనే నిలబడి టీ తాగతా ఉండాను. వచ్చినోళ్ళు ఇద్దరు. ఒకడి చేతిలో రంగు డబ్బా, ఇంకొకడి చేతిలో కుంచె. గీత కింద ఒక అంకె వేసినారు, దాని పక్కన బాణం గుర్తు. ఆ బాణం మిషను ఉండే గదిలోపలికి చూపిస్తా ఉంది.

"ఏందప్పా ఇది, సున్నం కొట్టి నెల కాలేదు, గోడ నాశనం చేస్తిరే" అని గట్టిగానే అడిగినాను.

"మాకేం తెలుసుమా, కొట్టమన్నారు, కొడతా ఉండాం" అని వాళ్ళు పక్కింటికి పోయినారు.

అక్క లోపల్నుంచి వచ్చి కొంగుతో తుడిచి చూసింది. గీత చెరగలేదు గానీ రంగు కొంగుకంతా అంటుకుంది. ఎన్నితూర్లు ఉతికినా పోలేదు. ఆ చీర మడిచి పెట్టెలో పెట్టేసింది, మళ్ళా కట్టలేదు.

మా ఊరు, పట్నం రెండూ ఒకదానికొకటి ఆనుకోనే ఉండాయి. మధ్యలో ఒక వంక, దాని మీద పాత కల్వర్టు. కల్వర్టుకు ఇవతల, రోడ్డు పక్కన పసుపు పూసిన పొలిమేర రాయి. కొన్నేండ్ల కిందట మా పంచాయితీని తీసి మునిసిపాలిటీలో కలిపేసినారు. అప్పట్నుంచి కాగితాల మీద మాది ఊరు కాదు, వార్డు. ఇంటిపన్ను పెరగడం తప్ప వేరే తేడా ఏమీ మాకు అగపడలేదు. ఆ గీతలు కొట్టేదాకా.

విషయం ఏందంటే, చిత్తూరు పోయే రోడ్డు మా వీధి మీదుగానే పోతాది. మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డును వెడల్పు చేస్తామని రాసినారు. ఎర్రగీత దాకా రోడ్డుకు పోతాది. నా ఇంటికి పోయేది అరుగు మాత్రమే. అక్కకు పోయేది ముందరి గది మొత్తం, అంటే పిండిమిషను. అక్కకు పిల్లల్లేరు, మొగుడు లేడు. పద్దెనిమిదేండ్లుగా ఆ మిషనే ఆమెకు అన్నం పెడతా ఉంది. ఊళ్ళో ఎవురు సంగటి కెలికినా, ఎవురు అంబలి కాచినా అది అక్క పట్టించిన రాగిపిండే. తెల్లారి బెల్టు టపటపమని కొట్టుకోవడం మొదలైతేనే మా వీధిలో పొద్దు పొడిచినట్టు.

నాదేమో మునిసిపాలిటీ ఆఫీసుకు ఎదురుగా జిరాక్సు అంగడి. అర్జీలు టైపు చేస్తాను, ఫోటోలు అతికిస్తాను, ఏ కాగితం ఏ సెక్షనుకు పోవాలో చెప్తాను. ఆ ఆఫీసులో సగం మందికి తెలియని సంగతులు నాకు తెలుసునని కొంచెం పొగరు కూడా ఉండేది. ఎందుకు దాచుకోవాల, బాగానే ఉండేది.

అందుకే గీతలు పడిన వారంలో వీధి వీధంతా నా దగ్గరికే వచ్చినారు. అందరికీ అభ్యంతరాల అర్జీలు నేనే టైపు చేసినాను. "అర్జీ ఇస్తే సాలదు. విచారణ పెడతారు, ఆ దినం మీ ఇంటి నంబరు పిలస్తారు, లేచి నిలబడి నోరు తెరిచి చెప్పాల. అప్పుడే అది ఫైల్లో ఎక్కతాది" అని ఒక్కొక్కరికీ నూరిపోసినాను. పోయిన ఏడు పక్క వార్డులో నలుగురు గట్టిగా నిలబడి మాట్లాడితే గీత ఆరడుగులు వెనక్కి జరిగింది. మాకూ జరగతాదని నాకు గట్టి నమ్మకం. అక్క మిషను నిలబడాలంటే ఐదడుగులు జరిగితే సాలు.

ఆ దినాల్లోనే అంగడికి ఒకాయన వచ్చినాడు. తెల్లచొక్కా, మెళ్ళో కార్డు, చేతిలో చిన్న నోటుపుస్తకం. సర్వే పని కాంట్రాక్టుకు తీసుకున్న కంపెనీ మనిషంట. మ్యాపులు జిరాక్సు తీయించుకున్నాడు. మంచి మర్యాద. "అమ్మా" అనకుండా ఒక్కమాట మాట్లాడలేదు. జిరాక్సు మిషను వేడెక్కి ఆగిపోతే కుర్చీ వేసి టీ తెప్పించినాను, కూర్చున్నాడు.

"మీది వంక అవతల ఊరా అమ్మా? అక్కడ గంగమ్మ జాతర బాగా చేస్తారంట కదా."

అంతే, నాకు నోరు ఆగలేదు. మా జాతర గురించి ఎవురన్నా అడిగితే నేను అట్లే. మంగళారం పొద్దుగూకే యాళకు తప్పెట కొట్టుకుంటా ఊరి చుట్టూ తిరిగి చాటింపు వేస్తారని చెప్పినాను. చాటింపు పడినాక జాతర ముగిసేదాకా, అంటే మళ్ళా బుధవారం దాకా, ఊళ్ళో ఉండేవాళ్ళు పొలిమేర దాటరని చెప్పినాను. ఆస్పత్రి పని ఉండేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు ముందే చూసుకుంటారు, నేను కూడా ఆ వారం అంగడి మూసేస్తాను అన్నాను.

"ఎవ్వరూ దాటరా? ఏదన్నా అర్జంటు పని పడితేనో?" అన్నాడు.

"కలెక్టరు పిలిచినా దాటరు సార్" అన్నాను, నవ్వి.

ఆయనా నవ్వినాడు. పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మన ఆచారం గురించి ఇంత శ్రద్ధగా రాసుకునేవాడు ఈ కాలంలో ఎవురున్నారు అని నేను మురిసిపోయినాను. ఆ దినం ఆయన దగ్గర టీ డబ్బులు కూడా తీసుకోలేదు, నా తెలివికి.

రెండు వారాలకు విచారణ నోటీసు వచ్చింది. దాన్ని మా వీధి మొగదల కరెంటు స్తంభానికి అంటించినారు. తేదీ చూసినాను. చాటింపు పడిన మూడో దినం, గురువారం, పదకొండు గంటలకు, మునిసిపాలిటీ ఆఫీసు మీటింగు హాల్లో.

నేను అదే కాళ్ళతో ఆఫీసుకు పోయినాను. సెక్షను క్లర్కు "తేదీ మేం వేసేది కాదుమా, పైనుంచి వచ్చింది, అర్జీలో రాసి ఇయ్యి" అన్నాడు. రాసిచ్చినాను. మర్నాడు పోతే "సారు చూస్తామన్నాడు" అన్నాడు. ఆ పై దినం పోతే సారు తిరుపతిలో మీటింగు అన్నారు. అందరూ కూర్చోమని మర్యాదగానే చెప్పినారు, ఒక్కరూ కసురుకోలేదు. దానికే నాకు భయమేసింది. ఆ ఆఫీసులో పని జరిగేటప్పుడు కసురుకుంటారు, జరగదని తేలిపోయినప్పుడే కుర్చీ వేస్తారు. ఇన్నేండ్లు ఆ ఆఫీసు ముందర కూర్చున్నదాన్ని, ఆమాత్రం తెలీదా నాకు.

సాయంత్రం వీధిలో కూర్చొని ఈ సంగతి చెప్పినాను. "మనల్ని పట్నంలో కలిపేసినారు గదా. ఇప్పుడు పట్నం, మనం ఒకే ఊరు. పొలిమేర యాడుంది? ఆఫీసు మన ఊర్లోనే ఉన్నట్టు లెక్క. పోదాం" అన్నాను. ఒకరిద్దరు తలలు ఊపినారు. పెద్దాయన ఒకాయన, జాతరలో అమ్మవారి ముందర కుంభం అన్నం పోసే ఇంటాయన, "కలిపింది కాగితం మీద గదమ్మా. రాయిని ఎవురు జరిపినారు?" అన్నాడు.

అక్క మాత్రం మధ్యలోనే లేచి లోపలికి పోయింది. ఎందుకో ఆ వీధిలో అందరికీ తెలుసు.

పద్దెనిమిదేండ్ల కిందట మా బావ, అక్క మొగుడు, చాటింపు పడినాక పొలిమేర దాటినాడు. కొత్తగా పెట్టిన మిషనుకు బెల్టు తెగింది. జాతర వారంలో ఊరంతా అంబలికి రాగులు తెచ్చి పోసిపెట్టినారు. మిషను ఆగితే ఎట్ల అని, ఎవురు చెప్పినా వినకుండా, బెల్టు తెచ్చేదానికి సైకిలెక్కి పోయినాడు. అరగంటలో వచ్చేస్తానన్నాడు. బెల్టు తీసుకొని తిరిగి వస్తా ఉంటే, కల్వర్టుకు రెండు ఫర్లాంగుల దూరంలో లారీ కొట్టేసింది. ఆ లారీ డ్రైవరు నిద్ర సాలక కొట్టినాడని పోలీసులు రాసినారు. నేనూ అదే నమ్ముతాను. అమ్మవారు లారీలు తోలదని అప్పట్నుంచి చెప్తానే ఉండాను. కానీ ఊరు అది నమ్మలేదు, అక్క అసలు నమ్మలేదు. ఆమె ఇరవై తొమ్మిదేండ్ల వయసులో ఆ మిషను ముందర ఒంటిగా నిలబడింది, బావ చేతిలో దొరికిన కొత్త బెల్టే దానికి తొడిగింది.

చాటింపు పడింది. తప్పెట మా వీధిలోకి వచ్చినప్పుడు అక్క గడపలో నీళ్ళు పోసి దండం పెట్టుకుంది. నేను అరుగు మీద కూర్చొని, ఒళ్ళు మండిపోతా, చూస్తా ఉండాను.

బుధవారమే నేను ఒక నిర్ణయానికి వచ్చేసినాను. వీధిలో వాళ్ళందరి దగ్గరా ఒక కాగితం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను. మా తరఫున ఈమె మాట్లాడతాది అని. మనసులో నమ్మకం లేనిదాన్ని నేనొక్కదాన్నే గదా, నేను దాటితే ఎవురికేం నష్టం? అక్కకు చెప్పలేదు.

గురువారం పది గంటలకు చీర మార్చుకొని కాగితాల సంచి పట్టుకొని బయలుదేరినాను. కల్వర్టు దగ్గరికి పోయేసరికి వీధంతా రాయి కాడ నిలబడి ఉంది. నన్ను సాగనంపేదానికి వచ్చినారో ఆపేదానికి వచ్చినారో వాళ్ళకే తెలీదు. వేపమండల తోరణం రోడ్డుకు అడ్డంగా కట్టి ఉంది. దాని అవతల నుంచి పట్నం బస్సులు, ఆటోలు మామూలుగా పోతా ఉండాయి.

నేను రాయి దాకా పోయినాను. కాలు ఎత్తినాను కూడా. అప్పుడు వెనక నుంచి ఎవురో నా మణికట్టు పట్టుకున్నారు. తిరిగి చూడకుండానే తెలిసింది. చేతినిండా పిండి.

"వదులు అక్కా. నీ మిషను కోసమే పోతా ఉండాను."

"నువ్వు పోతే నాకు మిషను ఎందుకే?"

"ఏం కాదు. ఇది లారీ కాదు, మీటింగు."

"ఆయప్పా అదే అన్నాడు, అరగంట అని."

ఆమె ఏడవలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదు. పట్టు మాత్రం సడలించలేదు. నేను లాగితే ఆమె నాతోపాటు రాయి దాటి పడిపోతాదని అర్థమైంది. పడినా వదలదు. నా కోపం అంతా ఎట్ల దిగిపోయిందో దిగిపోయింది. ఎత్తిన కాలు కింద పెట్టేసినాను, ఇవతలే.

అప్పుడు ఆఫీసులో అటెండరుకు ఫోను చేసినాను. నా అంగట్లో కూర్చొని పదేండ్లుగా టీ తాగిన మనిషి. "ఏం జరగతా ఉందో వినిపించన్నా, ఆ పుణ్యం కట్టుకో" అన్నాను. ఆయన ఫోను ఆన్ చేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నేను స్పీకరు పెట్టి ఫోను రాయి మీద ఉంచినాను. అందరూ దగ్గరికి జరిగినారు.

ఫ్యాను చప్పుడు, కుర్చీలు జరుపుకునే చప్పుడు. ఆ తర్వాత ఒక గొంతు ఇంటి నంబర్లు చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క నంబరు మూడు తూర్లు పిలిచి, "హాజరు లేరు" అనడం, ఇంకొక నంబరు. తొలి నంబరు మా వీధి మొదటి ఇంటిది. ఆ ఇంటాయన ఉలిక్కిపడి, చెయ్యెత్తి, "ఉండాం సామీ, ఈడే ఉండాం" అన్నాడు ఫోనుకు. ఆ గొంతు "హాజరు లేరు" అంది. ఆ తర్వాత ఎవురి నంబరు వస్తే వాళ్ళు బదులు పలకడం మొదలుపెట్టినారు. వినపడదని వాళ్ళకు తెలుసు. అయినా పలికినారు. ఒక ముసలామె అయితే అర్జీలో నేను టైపు చేసిందంతా కంఠతా పట్టుకొని వచ్చి, రాయి ముందర నిలబడి మొత్తం చెప్పేసింది, ఆ గొంతు అప్పటికే నాలుగిండ్లు దాటిపోయి ఉంది.

అక్క నంబరు వచ్చింది. ఒకటోతూరి, రెండోతూరి ఆమె ఊరకే ఉంది. మూడోతూరి పిలిచినప్పుడు "ఉండాను" అంది, నాకు మాత్రమే వినపడేటట్టు. నా మణికట్టు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

నలభై నిమిషాల్లో అయిపోయింది. చివర్న ఎవురో ఏదో అన్నారు, అక్కడ అందరూ నవ్వినారు, ఫోను కట్టయింది.

నాలుగు నెలలకు జేసీబీ వచ్చింది. ముందరి గది పోయింది. మిషనును వెనక గదిలో, పొయ్యి పక్కన పెట్టుకుంది అక్క. వంట బయట వసారాలోకి మారింది. వెనక గది రోడ్డుకు కనపడదు కాబట్టి కొత్తవాళ్ళెవురూ రారు, ఊళ్ళోవాళ్ళే వస్తారు. అయినా అక్క ఒక్క దినం కూడా తిట్టుకోలేదు. "ఆ తేదీ అమ్మే పెట్టించింది, మనం దాటతామా లేదా అని పరీక్ష పెట్టింది. నిలబడినాం. గది పోతే పోయింది, నువ్వు ఉండావు" అనేది. నేనేమో తేదీ ఏదో దరిద్రం కొద్దీ అట్ల పడిందని అనుకునేదాన్ని.

తర్వాత ఒకదినం ఆఫీసులో జిరాక్సు మిషను చెడిపోయి, అటెండరు ఒక కట్ట ఫైళ్ళు నా అంగడికి తెచ్చినాడు. జిరాక్సు తీసేవాళ్ళు కాగితంలో ఏముందో చదవరని ఆఫీసులో అందరూ అనుకుంటారు. పేజీలు తిప్పుతా ఉంటే మా వీధి ఫైలు తగిలింది. విచారణకు మొదట వేసిన తేదీ వేరే ఉంది. దాన్ని కొట్టేసి పక్కన ఆ గురువారం తేదీ రాసినారు. దాని కింద సర్వే కంపెనీ ఇచ్చిన నోటు జతపరిచి ఉంది.

ఆ నోటులో ఇట్ల ఉండాది: జాతర చాటింపు అనంతరం స్థానికులు పొలిమేర దాటరని, కలెక్టరు గారు పిలిచినను దాటరని, మునిసిపాలిటీ ఎదుట జిరాక్సు అంగడి నడుపు స్థానిక మహిళ ద్వారా తెలిసినది. కావున విచారణ సదరు వారంలో జరిపిన యెడల శాంతిభద్రతల సమస్య తలెత్తదు.

రెండుతూర్లు చదివినాను. అడిగినన్ని కాపీలు తీసి, పిన్ను కొట్టి, అటెండరు చేతికిచ్చినాను. ఆ పొద్దు అంగడి మధ్యాన్నమే మూసేసి వచ్చి పడుకున్నాను. అక్క జ్వరమేమో అని మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

ఆమెకు చెప్పల్ల అని ప్రతిదినం అనుకున్నాను. చెప్పలేదు. భయం కాదు, సిగ్గు. అంత తెలిసినదాన్నని వీధంతా నన్ను నమ్మితే, వీధిని అమ్మేసింది నా నోరే. పైగా అమ్మవారి పరీక్ష అనుకొని ఆమె నిమ్మళంగా ఉంది. దాన్ని ఎందుకు చెడగొట్టాల అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. సర్ది చెప్పుకోవడం నాకు బాగా వచ్చు.

ఈ ఏడు ఎండలు మొదలైనాక, ఒక సాయంత్రం నేను అంగడి నుంచి వచ్చేసరికి అక్క మిషను ఆపి, తల గుడ్డ దులుపుకుంటా, సంతోషంగా ఉంది.

"ఎవురో ఒకాయన వచ్చినాడే. తెల్లచొక్కా. ఎండకు తట్టుకోలేక అంబలి ఉంటే పోయమ్మా అన్నాడు, మజ్జిగ కలిపి ఒక చెంబుడు ఇచ్చినాను. ఎంత మర్యాద అనుకుంటివి. మన జాతర గురించి అంతా అడిగినాడు. చాటింపు ఎప్పుడమ్మా అంటే, వచ్చే నెల రెండో మంగళారం అని చెప్పినాను. పుస్తకంలో రాసుకున్నాడు పాపం."

నేను అట్లే గడపలో కూర్చుండిపోయినాను. రోడ్డు పక్కన కాలవకు ఇంకొక ఎనిమిదడుగులు కావాలంటా ఉండారని ఆఫీసులో నాలుగు దినాలుగా వింటా ఉండాను. ఎనిమిదడుగులంటే వెనక గది. మిషనుకు ఇంక వేరే చోటు లేదు.

అప్పుడు చెప్పినాను అంతా. అంగడిలో కుర్చీ వేసింది, నవ్వింది, ఆ కలెక్టరు మాట, ఫైల్లో చదివింది, ఇన్ని నెలలు మింగి కూర్చున్నది. చెప్తా ఉంటే ఏడుపు వచ్చింది. ఆమె తిడితే బాగుండు, నాలుగు తగిలించినా బాగుండు. ఆమె పిండి అంటిన చేతులు ఒళ్ళో పెట్టుకొని విని, "అయితే అది అమ్మ పరీక్ష కాదా?" అని మాత్రం అడిగింది. కాదన్నాను. లేచి పోయి దీపం పెట్టుకుంది.

నిన్న నోటీసు అంటించినారు. చాటింపు పడిన మూడో దినం, గురువారం, పదకొండు గంటలకు.

నేను చదివి వచ్చి చెప్పేలోపే ఆమెకు తెలిసిపోయింది. "ఈతూరి నేను పోతా" అంది.

"యాడికి?"

"వంక దాటి. నంబరు పిలిస్తే పలికేదానికి."

"వద్దక్కా, నేను పోతా. నోరు జారింది నేను."

"నీకేమన్నా అయితే నేను ఓర్చుకోలేను. ఆయప్పకు ఓర్చుకున్నాను, సాలు. ఏమన్నా అయితే నాకే కానీ." అని, మళ్ళా "నువ్వు రాయి కాడ నిలబడు. నా చెయ్యి మాత్రం పట్టుకోవద్దు" అంది.

ఈ పొద్దు పెట్టె తీసి, ఆ ఎర్రరంగు అంటిన చీర బయటికి తీసి ఉతికి దండెం మీద ఆరేసింది. విచారణకు అదే కట్టుకుంటాదంట. కొంగుకు ఆ మరక ఇంకా అట్లే ఉంది.

చాటింపుకు ఇంకా పన్నెండు దినాలు ఉండాయి. అమ్మవారు లారీలు తోలదని పద్దెనిమిదేండ్లు వాదించినదాన్ని నేను. నిన్నట్నుంచి అంగడికి పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ రాయి కాడ ఆగి దండం పెట్టుకుంటా ఉండాను.